గువ్వలగుట్ట ఒత్తిడి

గువ్వలగుట్ట రాళ్లను నూట యాభై కోట్ల ఏళ్ల కిందట తూర్పు నుంచి పడమరకు నొక్కిన ఒత్తిడిని ప్రభుత్వం ఒక సోమవారం నుంచి మళ్లీ అమల్లోకి తెచ్చింది. ఉత్తర్వు అందిన పూటే గుట్ట కింద ఉన్న గువ్వలపల్లెలో తలుపులు మూసుకోవడం మానేశాయి. ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. పోయిన ఏడాది పక్క మండలంలో ఎప్పుడో ఎండిపోయిన సముద్రాన్ని పునరుద్ధరించారు. అక్కడివాళ్లు ఇప్పటికీ మిద్దెల మీద వండుకుంటున్నారు. దానికంటే ఇది నయమని గువ్వలపల్లె సర్పంచ్ అన్నాడు.

పూర్వస్థితి పునరుద్ధరణ చట్టం అర్థం చేసుకోవడానికి చాలా సులువైన చట్టం. ఒకప్పుడు ఉండేదని సాంకేతికంగా రుజువైనది ఏదైనా సరే, దాన్ని మరుసటి పనిదినం నుంచి మళ్లీ ఉండేట్టు చూడాలి. అది మంచిదా చెడ్డదా అనే ప్రశ్న చట్టంలో ఎక్కడా లేదు. సభలో ఒకాయన ఆ మాట ఎత్తబోతే, పెద్దలనాటి సంగతిని ఎంచడానికి మనమెవరమని మిగతావాళ్లు ఆయన్ని కూర్చోబెట్టారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, ఒత్తిడి ఉండేదంటే అమలు చెయ్యమన్నారు.

ఆ రుజువు చేసిన మనిషి షమీమున్నీసా. ప్రొద్దుటూరు ఆమె, భూగర్భ శాఖలో అసిస్టెంట్ జియాలజిస్టు. రుజువు చేస్తున్నానని ఆమెకు తెలియదు. బైపాసు రోడ్డు కోసం గుట్టను నిలువునా కోసినప్పుడు, ఆ కోత మీంచి బస్సుల మీద రాళ్లు పడతాయా లేదా చూసి రమ్మని ఆమెను పంపారు. రాయి పగిలి ఒక ముక్క ఇంకో ముక్క మీద జారితే, ఆ రాపిడికి పగులు ముఖం నున్నబడి, జారిన వైపుగా సన్నని గీతలు పడతాయి. బీరువాను ఈడ్చినప్పుడు గచ్చు మీద పడ్డ గీత చూసి ఎటు ఈడ్చారో చెప్పొచ్చు కదా, అంతే. అలాంటి ముఖాలు చాలా చూసి, గీతల దిశలన్నీ కలిపి లెక్కగడితే, ఆ రాయిని ఏ వైపు నుంచి గట్టిగా నొక్కారో తేలుతుంది. షమీమ్ మిట్టమధ్యాహ్నం ఎండలో కంపాసు పట్టుకుని ఆ కోతనంతా చదివింది. రాళ్లు పడవని, ఒకప్పుడు ఇక్కడ ఒత్తిడి తూర్పు నుంచి ఉండేదని నివేదిక రాసి సంతకం పెట్టింది. రాళ్లు పడవన్న ముక్క ఎవరూ చదవలేదు. రెండో ముక్కను మాత్రం పై అంతస్తు నుంచి వచ్చి మరీ తీసుకుపోయారు.

ఉత్తర్వు చూసి ఆమె డిప్యూటీ డైరెక్టర్ కోదండపాణి గదికి పరుగెత్తింది. ఆయన అప్పుడే ఒత్తిడి తాలూకు సర్వీసు వివరాలు సరిచూసుకుంటున్నాడు.

"సార్, అది ఎప్పుడో అయిపోయింది. రాయి పగిలిపోయాక ఒత్తిడి తీరిపోయింది. నేను రాసింది చరిత్ర" అంది షమీమ్.

"తీరిపోయినట్టు ఆర్డరేమన్నా ఉందామ్మా?"

"ఆర్డర్ ఎవరిస్తారు సార్? అప్పటికి ఇంకా చేపలు కూడా పుట్టలేదు!"

"నేను చెప్పేదీ అదే" అన్నాడు కోదండపాణి ఎంతో ఓపికగా. "రద్దు చేసినవాళ్లు ఎవరూ లేరు. రద్దు కానిది కొనసాగుతున్నట్టే లెక్క. మధ్యలో కొన్ని కోట్ల ఏళ్లు డ్యూటీకి రాలేదు, దాన్ని సెలవు కింద చూపిస్తున్నాం."

శాఖలో అందరికంటే సీనియర్ ఇప్పుడు ఆ ఒత్తిడే. పుట్టిన తేదీకి ఆధారం లేదు కాబట్టి దానికి రిటైర్‌మెంట్ లేదు. ఏటా జులైలో మామూలుగా ఇంక్రిమెంటు ఉంటుంది, అంటే ఏటా ఆ నెల నుంచి ఇంకాస్త గట్టిగా నొక్కుతుంది. ఇదంతా వింటుంటే షమీమ్‌కి ఒళ్లు మండిపోయింది. గోడకి తల కొట్టుకుందామనుకుంది గానీ, ఆ గోడ కూడా ఆఫీసుదే.

గువ్వలపల్లెలో ఇళ్లు కూలలేదు. నిబంధనల ప్రకారం కూలకూడదు, ఇరుకు కావాలి అంతే. తూర్పుగోడ పడమటి గోడ వైపు రోజూ కాస్త కాస్త జరిగింది. మంచాలు పట్టక జనం వాటిని ఉత్తర దక్షిణాలుగా తిప్పుకున్నారు. ఉత్తరాన తల పెట్టకూడదు కాబట్టి ఊరు ఊరంతా దక్షిణం వైపు తల పెట్టి పడుకుంది. అలా పడుకుంటే ఆయుష్షు పెరుగుతుందని పంచాయతీ సెక్రటరీ దీన్ని ఆరోగ్య కార్యక్రమాల కింద పైకి పంపాడు. సందుల్లో మనుషులు పక్కవాటుగా నడిచారు. బర్రెలకు ఆ నడక ఎంత నేర్పినా రాక వాటిని ఊరి బయట కట్టేశారు. సర్పంచ్ ఇల్లు సన్నబడి ఎత్తు పెరిగింది. మిద్దె మీద మిద్దె వేసినట్టుందని ఆయన సంతోషించాడు, ఫ్యాను గాలి కిందిదాకా రావడం లేదని మాత్రం ఒక అర్జీ పెట్టాడు.

అర్జీలు విచారించడానికి షమీమ్‌నే పంపారు. ఊరి మొదట్లోనే ఆమెను ఒక నేతగత్తె అడ్డం పట్టింది. పేరు చౌడమ్మ. ఇంట్లో ఉన్నదే ఒక పొడుగాటి గది, అందులో గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఆమె నేస్తుంది. చూపు మందగించిన భర్త నారాయణప్ప అరుగు మీద కూర్చుని కండెలు చుడతాడు. ఇద్దరి కూడూ ఆ మగ్గం మీదే.

"నువ్వేనంట గదా మేడమ్ రాసింది?" అంది చౌడమ్మ. "లోపలికి రా, నువ్వు రాసింది ఏం జేసిందో సూద్దువు."

గది తూర్పు పడమరలుగా పొడుగు. ఆ పొడుగులోనే, ఈ గోడ నుంచి ఆ గోడకు, పడుగు దారాలు సాగదీసి కట్టాలి. షమీమ్ చూసేసరికి దారాలు మధ్యలో జారిపోయి వేలాడుతున్నాయి. నేసిన జానెడు బట్ట అంచులు పాము పాకినట్టున్నాయి.

"ఎంత బిగిచ్చి కట్టినా తెల్లారేసరికి మళ్లా ఇట్లనే యాలాడతాండాది. గోడ జరిగితే పడుగు నిలుస్తాదా? దీంతో నేస్తే చీర కాదు, చేపల వల అయితాది. ఇంగ ఒక మూరెడు జరిగితే మగ్గం గోడకు కొట్టుకుంటాది. ఆ పొద్దు నుంచి మేం తినేదేంది?"

"మగ్గాన్ని అడ్డంగా తిప్పుకుంటే కుదరదా అక్కా?"

"గుంత మగ్గం తిప్పేదెట్ల మేడమ్? గుంతనెత్తి ఆ పక్క పెడ్తావా నువ్వు?" అని చౌడమ్మ కసిరింది. షమీమ్ టేపు తీసి, మగ్గానికీ గోడకీ మధ్య మిగిలిన చోటు కొలిచింది. ఆ చోటు జులై ఇంక్రిమెంటు దాకా వస్తుంది, ఆ తర్వాత రాదు.

తిరిగి వస్తూ గుట్ట కోత దగ్గర జీపు ఆపించింది. కోతకు ఉత్తరపు చివర కొన్ని ముఖాల మీద పాత గీతలను అడ్డంగా కోస్తూ ఇంకో జత గీతలు ఉన్న సంగతి ఆమెకు గుర్తుంది. రోడ్డుకు అవసరం లేదని అప్పుడు వదిలేసింది. ఒక గీతను ఇంకో గీత కోస్తే, కోసినది తర్వాత పడ్డట్టు. ఆ తర్వాతి గీతలు చెబుతున్నది ఒకటే: తూర్పు నుంచి నొక్కుడు ఆగిపోయింది, రాయి సడలింది, అటూ ఇటూ తీరిగ్గా జరిగింది. చట్టం ప్రకారం ఒకే రాయి మీద రెండు స్థితులు రుజువైతే తర్వాతిదే చెల్లుతుంది. సడలింపు చెల్లితే చౌడమ్మ గోడ వెనక్కి పోతుంది. షమీమ్‌కి ఆ ఉద్యోగంలో చేరాక మొదటిసారి చట్టం మీద ప్రేమ పుట్టింది.

కోదండపాణి అభ్యంతరం చెప్పలేదు. గీతలు చూడటానికి కమిటీ వేశాడు. కమిటీ అంటే ఆయనే. గుట్టను తానూ చూస్తానని మంత్రిగారు కబురు పెట్టారు. అక్కడే వచ్చింది తంటా.

మంత్రి వస్తున్నాడంటే మన దగ్గర జరిగేది ఒకటే. దారి పక్కన కదలనిది ఏది కనిపించినా దానికి సున్నం కొడతారు. చెట్ల మొదళ్లకు కొడతారు, మైలురాళ్లకు కొడతారు, రాత్రి డ్యూటీ చేసి చెట్టు కింద కునుకు తీసిన వాచ్‌మన్ చెప్పులకు కూడా ఒకసారి కొట్టారు. కమిటీ రావడానికి ముందురోజు షమీమ్ గుట్ట దగ్గరికి వెళ్లేసరికి కోత మొత్తం తెల్లగా మెరిసిపోతోంది. అడుగున వరసగా ఎర్రటి జాజుపట్టీ వేసి, మధ్యలో స్వాగతం అని రాశారు. రోడ్ల శాఖ ఏఈ గంగాధరం చేతులు కట్టుకుని మురిపెంగా చూసుకుంటున్నాడు.

"రెండు సార్లు పట్టిచ్చినాం మేడమ్. బాగుందా?"

"నా గీతలేవయ్యా? ఇక్కడ గీతలుండాలి!" అని షమీమ్ అరిచింది.

"ఒక్కటి గూడా కనపడదు మేడమ్. అందుకే గదా రెండు సార్లు కొట్టిచ్చింది. కమిటీ గీతలు సూసేదానికి వస్తాందని మాకు కాగితం వచ్చినాది. మా రోడ్డు మీద గీతలుండాయని పైవాళ్లకు తెలిస్తే మాటొచ్చేది మాకే గదా!"

షమీమ్ రోడ్డు మధ్యలోనే కూలబడింది. అరిస్తే అర్థమయ్యే మనిషి అయితే అరవొచ్చు. గంగాధరం మంచివాడు, పని మీద శ్రద్ధ ఉన్నవాడు. చివరికి ఆ సున్నం తీయించమని మాత్రం బతిమాలింది. నీళ్లతో కడగమని, రాయిని ముట్టుకోవద్దని ఒకటికి రెండుసార్లు చెప్పి, తాసిల్దారు దగ్గర ట్యాంకరు అడగడానికి వెళ్లింది. ట్యాంకరు మంత్రిగారి దారిలో దుమ్ము లేవకుండా నీళ్లు చల్లడానికి పోయిందన్నారు.

ఆమె తిరిగి వచ్చేసరికి గుట్ట శుభ్రంగా ఉంది. నీళ్లు లేకపోతే పని ఆగే మనిషి కాదు గంగాధరం. తాళ్లు కట్టి కూలీలను దించి, ఇనుప బ్రష్షులతో కోతనంతా రుద్దించాడు. పైనుంచి కిందికి, అందరూ ఒకే తీరుగా, ఎంతో పద్ధతిగా రుద్దారు. అది మెత్తటి సున్నపురాయి. ఏ పగులు ముఖం చూసినా నిట్టనిలువునా కొత్త గీతలు నిగనిగలాడుతున్నాయి. వాటి కింద షమీమ్ గీతలు ఎక్కడున్నాయో ఆమెకే తెలియలేదు.

మరునాడు మంత్రిగారు కారు అద్దం దించి గుట్టను చూసి, బాగుందని చెప్పి వెళ్లిపోయారు. కోదండపాణి మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని, కంపాసు ఆనించి, ప్రతి ముఖాన్నీ నిజాయితీగా చదివాడు. పనిలో ఆయన ఏనాడూ తప్పు చేసిన మనిషి కాడు.

"పైనుంచి కిందికి. చాలా స్పష్టంగా ఉన్నాయి. పాతవాటిని కోసుకుంటూ పోయాయి, మీరు చెప్పినట్టే" అన్నాడు.

"సార్, అవి నిన్న బ్రష్షుతో గీసిన గీతలు!"

"అంటే తర్వాతివే కదా?"

"తర్వాతివే, కానీ సార్..."

"తర్వాతిదే చెల్లుతుందమ్మా. గీతకు ఇంత వయసుండాలని చట్టంలో లేదు. ఉంటే చూపించండి."

కోదండపాణి షమీమ్‌ను పక్కకు తీసుకువెళ్లి మెల్లగా చెప్పాడు. "నిజానికి ఇదే మేలు. పక్కనుంచి నొక్కితే ఎవరు నొక్కుతున్నారని జనం అడుగుతారు. తూర్పు జిల్లా వాళ్లు మాకు సంబంధం లేదని ఇప్పటికే జాబు రాశారు. అదే నెత్తిమీద పడిందనుకోండి, ఎవరూ అడగరు. మామూలే కదా అనుకుంటారు. మీరు సంతకం పెడితే తూర్పు ఒత్తిడి ఈ క్షణమే రద్దవుతుంది. పెట్టకపోతే జులైలో దానికి ఇంక్రిమెంటు తప్పదు."

షమీమ్ కాగితం చేతిలోకి తీసుకుంది. అది అబద్ధమని ఆమెకు తెలుసు. ఇంకో సంగతీ తెలుసు. చపాతీ ముద్ద మీద అరచెయ్యి పెట్టి నొక్కితే అది అటూ ఇటూ సాగుతుంది. పైనుంచి నొక్కుడు మొదలైతే చౌడమ్మ గది ఎత్తు తగ్గుతుంది, పొడుగు పెరుగుతుంది, పడుగు బిగుస్తుంది. నిజం రాయడానికి గుట్ట మీద నిజం ఎక్కడా మిగల్లేదు. ఆమె సంతకం పెట్టింది. పెడుతున్నంతసేపూ తన చేతిని చూస్తే తనకే రోత పుట్టింది.

కొత్త ఒత్తిడి మరుసటి పనిదినం నుంచి అమల్లోకి వచ్చింది. గువ్వలపల్లె ఇళ్లు నెమ్మదిగా అణిగాయి, వెడల్పయ్యాయి. సందులు తెరుచుకున్నాయి, బర్రెలు ఇళ్లకు వచ్చాయి. గడపలు అలాగే ఉండగా ద్వారబంధాలు తల దగ్గరికి, తర్వాత భుజాల దగ్గరికి, ఆపైన నడుము దాకా దిగాయి. మొదట్లో నుదుళ్లు బొప్పి కట్టాయి. తర్వాత మనుషులు వంగడం నేర్చుకున్నారు. ఫ్యాను గాలి బాగా తగులుతోందని సర్పంచ్ తన అర్జీ వాపసు తీసుకున్నాడు. కోదండపాణి చెప్పినట్టే ఎవరూ ఏమీ అడగలేదు.

షమీమ్‌కి మాత్రం నిద్ర పట్టలేదు. సెలవు పెట్టి గువ్వలగుట్ట వెనక వైపు వెతికింది. అటు రోడ్డు లేదు కాబట్టి మంత్రులు రారు, మంత్రులు రారు కాబట్టి సున్నమూ రాదు. రేగుపొదల్లో చేతులు గీరుకుపోయాక, చాటంత పగులు ముఖం ఒకటి దొరికింది. తూర్పు ఒత్తిడి గీతలు, వాటిని కోస్తూ సడలింపు గీతలు, రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పైనుంచి కిందికి గీత ఒక్కటీ లేదు, కోత మీదివి వట్టి బ్రష్షు గీతలని దీనితో తేలిపోతుంది. ఆమె అక్కడే కూర్చుని ఏడ్చింది. ఆ రాయిని కోసి తీసుకుపోయి ఢిల్లీ ప్రయోగశాలలో పెడితే ఏ గంగాధరమూ దాన్ని ముట్టుకోలేడు. పైనుంచి నొక్కేదీ పోతుంది, పక్కనుంచి నొక్కేదీ పోతుంది. నివేదిక రాసుకుని, ఈ మాట ముందు చౌడమ్మకు చెప్పాలని తిన్నగా ఊళ్లోకి నడిచింది.

చౌడమ్మ ఇంట్లోకి మోకాళ్ల మీద పాకుతూ వెళ్లాల్సి వచ్చింది. చౌడమ్మ గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది. కప్పు ఆమె తలకు బెత్తెడు ఎత్తున ఉంది. గది ఈ చివరినుంచి ఆ చివరిదాకా సాగి, పడుగు గట్టిగా బిగిసి ఉంది. దారాన్ని మోసుకుంటూ నాడె అటూ ఇటూ చకచకా పరుగెడుతోంది. బట్ట మీద ఒక్క ముడత లేదు.

"సూడు మేడమ్, ఎట్లుండాదో!" అని చౌడమ్మ బట్ట చూపించింది. "మా అత్త కాలంలో గూడా పడుగు ఇంత బిగువుగా లేదు."

"అక్కా, ఇంకా మంచి మాట చెప్తాను విను. అసలు గీతలు దొరికాయి. ఈ ఒత్తిడి కూడా తీసేయించొచ్చు" అంది షమీమ్ ఆయాసపడుతూ.

నాడె ఆగింది. "ఇది తీసేస్తే ఏదొస్తాది?"

"ఏదీ రాదు. ఏ ఒత్తిడీ ఉండదు. ఇల్లు మామూలుగా ఉంటుంది, పడుగూ మామూలుగానే ఉంటుంది."

"ఏదీ ల్యాకుండా ఎట్లుంటాదమ్మా? అట్ల ఎప్పుడన్నా ఉండామా మనం?"

"లేచి నిలబడొచ్చు కదక్కా!"

"నిలబడి ఏం జేయాల? నేసేది కూసోనే గదా. వొంగి వస్తాం, వొంగి పోతాం, దానిదేముంది" అంది చౌడమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "నువ్వు మంచిదానివే తల్లీ. అయితే నువ్వు రాసిందల్లా యాడికో పోతాది, యాడో ఎవురో దాన్ని రుద్దుతారు. ఈతూరి ఏ పక్కనుంచి వస్తాదో ఎవురికి తెల్సు? మగ్గం ఇప్పుడే దావకొచ్చింది. నీకు దండం పెడ్తా, దీన్ని మాత్రం తియ్యనీయొద్దు."

నిజంగానే ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. చేతులు కప్పుకు తగిలాయి. షమీమ్‌కి పట్టరాని కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక సంచి జిప్పు లాగి, నివేదికను లోపలికి తోసేసింది. చౌడమ్మ మళ్లీ నాడె అందుకుంది. అరుగు మీదినుంచి నారాయణప్ప, తల జాగ్రత్తమ్మా అన్నాడు.

షమీమ్ పాకుతూ బయటికి వచ్చి బస్టాండు వైపు నడిచింది. బయట ఆకాశం ఎప్పటి ఎత్తులోనే ఉంది. బస్సు కోసం నిలబడ్డాక గానీ తాను దారిపొడుగునా వంగే నడిచిందని ఆమెకు తెలియలేదు. నిటారుగా నిలబడదామనుకుని చుట్టూ చూసింది. అక్కడ ఉన్నవాళ్లెవరూ నిటారుగా లేరు. ఎందుకొచ్చిన గొడవని ఆమె కూడా అలాగే నిలబడింది.